ఈ కడలి మీద ఎగిరినవాళ్లు

పలాస–కాశీబుగ్గ దాటి తూర్పుకు తిరిగితే ముందు జీడి బట్టీల వాసన ఎదురొస్తుంది. పిక్కను కాల్చినప్పుడు తొక్కలోంచి కారే నూనె వాసన అది. చేతికి అంటితే చర్మం ఊడొస్తుంది. అయినా ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిక్కలు కొడుతూనే ఉంటారు. లోపలి పప్పు విరగకుండా పైతొక్క పగలాలి. విరిగితే నిండు పప్పు ధర బద్దకు రాదు. ఆ వాసన వెనకబడేసరికి ఉద్దానం తోటలు మొదలవుతాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి... జీడి, కొబ్బరి, పనస. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటి ఈ తోటల్ని నేలకేసి కొట్టింది. మళ్లీ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. తోటలు దాటితే సరుగుడు చెట్లు, ఇసుక, ఆ తర్వాత బంగాళాఖాతం.

బారువ లైట్‌హౌస్ చూడ్డానికి వచ్చేవాళ్లున్నారు. తేలినీలాపురంలో గూడబాతుల్ని చూడ్డానికి టెక్కలి మీదుగా వచ్చేవాళ్లున్నారు. నౌపడ ఉప్పు మడులు, మూలపేట దగ్గర కడుతున్న పోర్టు కూడా చూసి వెళ్తారు. ఈ తీరం ముందున్న నీళ్ల మీద ఒకప్పుడు ప్రపంచయుద్ధం నడిచిందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మన పాఠ్యపుస్తకాల్లో రెండో ప్రపంచయుద్ధమంటే హిట్లర్, హిరోషిమా. నడుమ మనం లేము. నిజానికి ఉన్నాం. పైన ఎగిరిన విమానాల్లోనూ, కింద బాంబులు పడ్డ వీధుల్లోనూ.

1942 ఏప్రిల్ 6 సోమవారం. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. 1936లో ఒరిస్సా ఏర్పడి గంజాం జిల్లా చీలినప్పుడు టెక్కలి, సోంపేట ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. ఆ రోజు అడ్మిరల్ ఒజావా నడిపిన జపాన్ నౌకాదళం కాకినాడ నుంచి పూరీ దాకా ఉన్న సముద్రంలో విరుచుకుపడింది. కొద్ది రోజుల్లో 20కి పైగా వాణిజ్య నౌకల్ని ముంచేసింది. ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన బాంబర్లు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. సింధియా షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ప్రాణనష్టం తక్కువే అయినా జనంలో భయం మాత్రం తక్కువ కాదు. పట్నం ఖాళీ అయింది. బళ్ల మీదా, రైళ్లలోనూ, కాలినడకనా సొంతూళ్లకు బయల్దేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబు ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. ఎవరైనా చూడవచ్చు.

అప్పుడు ఈ తీరానికి కాపలా ఎవరు? భారత వైమానిక దళంలోని వాలంటీర్ రిజర్వు ఆరు కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్లను నడిపేది. ఆరోది విశాఖపట్నంలో ఉండేది. వాళ్ల చేతిలో ఉన్నవి కాలం చెల్లిన విమానాలు. కింద ఒక రెక్క, పైన ఒక రెక్క, ఒకే ఇంజను, పైకప్పు లేని సీట్లు. ఉప్పుగాలి మొహానికి కొడుతుంటే అందులో ఇద్దరు మనుషులు నేల కనిపించనంత దూరం సముద్రం మీదకు వెళ్లి, శత్రు నౌకలున్నాయేమో చూసి రావాలి. ఇంజను ఆగితే దిగడానికి నీళ్లు తప్ప ఏమీ లేవు. ఎదురుగా వచ్చేది జపాన్ యుద్ధనౌకల దండు. ఆ విమానాలతో ఆ పని చేయడానికి ఒప్పుకున్నవాళ్ల గుండె ఎంతటిదో సముద్రం మీద బతికే మన జాలర్లకు ఇట్టే అర్థమవుతుంది. అదే ఏడాది కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ఏర్పడిన బ్రిటిష్ 353 స్క్వాడ్రన్ హడ్సన్ విమానాలతో బంగాళాఖాతం మీద గస్తీ తిరిగింది.

అయితే ఈ ఊళ్లవాళ్లకు బాంబర్ అంటే ఏమిటో విశాఖ కంటే ముందు రంగంలోనే తెలిసింది. రంగూన్‌ను ఉత్తరాంధ్ర పెద్దలు రంగమనే అనేవారు. కరువొస్తే రంగం, అప్పు తీరాలంటే రంగం. అక్కడి రేవులో బస్తాలు మోసినవాళ్లలో, రిక్షా లాగినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లలో వేలాదిమంది తెలుగువాళ్లు. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబర్లు రంగూన్ మీదకు వచ్చాయి. విమానాలు ఎలా ఉంటాయో చూద్దామని జనం వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. క్రిస్మస్ రోజున మళ్లీ వచ్చాయి. ఆ తర్వాత లక్షలాది భారతీయులు అరకాన్ దారిలోనూ, మణిపూర్ అడవుల దారిలోనూ నడిచి స్వదేశానికి బయల్దేరారు. కలరాతో, ఆకలితో, మలేరియాతో దారిలోనే రాలిపోయినవాళ్ల సంఖ్య పదివేలల్లో ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో రంగం నడకలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలు లెక్కలేనన్ని.

తర్వాతి రెండేళ్లలో యుద్ధం మలుపు తిరిగింది. బెంగాల్‌లోని సాల్బోని, దిగ్రీ, ధుబాలియా విమాన స్థావరాల నుంచి లిబరేటర్లు అనే నాలుగు ఇంజన్ల బాంబర్లు ఈ బంగాళాఖాతం మీదుగానే బర్మాకు, సయాంకు, మలయాకు వెళ్లాయి. విమానానికి ఎనిమిది నుంచి పదిమంది. బ్రిటిష్, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ కుర్రాళ్లు. ఎక్కువమందికి పాతికేళ్లు నిండలేదు.

లిబరేటర్ లోపలికి ఒకసారి వెళ్లి చూడాలి. ముందు పైలట్లు, నావిగేటర్, రేడియో మనిషి. చిట్టచివర తోకలో ఒంటరిగా ఒక గన్నర్. నడుమ బాంబుల అర. ఆ అరలోంచి ముందుకీ వెనక్కీ వెళ్లడానికి జానెడు వెడల్పున్న ఒకే ఒక్క బద్ద. అటూ ఇటూ బాంబులు వేలాడుతుంటాయి. కింద తలుపులు పల్చటి రేకులు. మనిషి బరువు పడితే ఆగవు. పైకి లేచేకొద్దీ ఎముకలు కొరికే చలి. చీకటి. ఇంజన్ల మోతలో పక్కవాడి మాట వినపడదు. నావిగేటర్‌కు నక్షత్రాలూ, గడియారమూ, కాగితమూ, పెన్సిలే ఆధారం. అతని లెక్క కాస్త తప్పితే, తెల్లారేసరికి విమానం కింద బెంగాల్ బదులు ఉత్త నీళ్లుంటాయి. ఆ విమానం నీళ్ల మీద దిగితే బతకడం కష్టమని అందులో ఎక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. రెక్క పైభాగంలో ఉండటం వల్ల పొట్ట ముందుగా నీటిని తాకుతుంది. రేకు తలుపులు చిరిగి లోపలికి సముద్రం వస్తుంది.

తుపాకుల కంటే మబ్బులు ఎక్కువమందిని భయపెట్టాయి. జ్యేష్ఠం నుంచి ఆశ్వయుజం దాకా బంగాళాఖాతం మీద లేచే కారుమబ్బు ఎలాంటిదో ఉద్దానం రైతుకు చెప్పక్కర్లేదు. దాని లోపల గాలి విమానాన్ని ఒక్కసారిగా వేల అడుగులు పైకి విసిరేస్తుంది, కిందికి తోసేస్తుంది. ఆ మబ్బుల్లోకి వెళ్లి తిరిగిరాని విమానాలున్నాయి. శత్రువు కొట్టిందీ కాదు, యంత్రం చెడిందీ కాదు. సాయంత్రం లేచింది, ఉదయం రాలేదు. అంతే.

వింగ్ కమాండర్ జేమ్స్ బ్లాక్‌బర్న్ నడిపిన 159 స్క్వాడ్రన్ కథ చెప్పుకోదగ్గది. లిబరేటర్ ఎంత దూరం వెళ్లగలదని తయారీదారు లెక్కలు చెప్పాయో దాన్ని ఆయన నమ్మలేదు. అవసరం లేని బరువు తీసేయించాడు. ఏ వేగంలో ఎంత పెట్రోలు తాగుతుందో ఎగిరి ఎగిరి లెక్క కట్టాడు. 1944 అక్టోబర్ చివర్లో 15 లిబరేటర్లు మలయాలోని పెనాంగ్ రేవుకు వెళ్లి, రేవు మొగ దగ్గర నీళ్లలో మందుపాతరలు జారవిడిచి వచ్చాయి. రానూపోనూ 3,000 మైళ్లకు పైనే. అన్నీ తిరిగొచ్చాయి. గెలిచిన యుద్ధాల్లో జనరళ్ల పేర్లు మిగులుతాయి కాని, పెట్రోలు చుక్కను లెక్కపెట్టి తన మనుషుల్ని ఇంటికి తెచ్చిన ఇలాంటి నాయకుడిది నా దృష్టిలో అంతకంటే పెద్ద ధైర్యం.

అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. 1945 జూలై 26న ఒరిస్సాలోని అమర్దా రోడ్ దగ్గర, తక్కువ ఎత్తులో వరుస కట్టి ఎగిరే సాధనలో, రెండు లిబరేటర్లు గాల్లోనే గుద్దుకున్నాయి. 14 మంది చనిపోయారు. అప్పటికి జపాన్ లొంగుబాటుకు మూడు వారాలు కూడా లేదు.

ఇదంతా పరాయివాళ్ల సంగతి కదా, మనకేమిటి అనేవాళ్లుంటారు. బాంబర్లతో తెలుగునేల బంధం అంతకంటే పాతది. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో డి.హెచ్.9ఎ బాంబర్లు తయారయ్యాయి. వాటితో 1918లో ఫ్రాన్స్‌కు వెళ్లిన దళానికి 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఆ విమానాల్లో ఒకటి, ఒంటి మీద హైదరాబాద్ పేరుతోనే, బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో నేటికీ ఉంది. జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్‌కు పోయి, పోలండ్‌కు చేరి, చివరికి ఇంటికొచ్చిన విమానం అది. బ్రిటన్ రెండో యుద్ధంలోకి దిగిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీదకు వెళ్లిన పది బ్లెన్‌హీమ్ బాంబర్లలో ఐదు 110 స్క్వాడ్రన్‌వి. పదింటిలో ఐదు తిరిగి రాలేదు. అదే స్క్వాడ్రన్ 1942లో భారతదేశానికి వచ్చింది. వెంజన్స్ అనే డైవ్ బాంబర్లతో అరకాన్ మీద పోరాడింది. ఆ వెంజన్స్‌లనే మన భారత వైమానిక దళపు 7, 8 స్క్వాడ్రన్లూ నడిపాయి. దాదాపు నిట్టనిలువుగా నేల మీదకు దూకి, బాంబు వదిలి, చివరి క్షణంలో పైకి లేవాలి. విమానంలో ఇద్దరే. రంగం నుంచి పారిపోయి వచ్చిన మన జనం నడిచిన ఆ అరకాన్ కొండల మీదే, దాదాపు రెండేళ్ల తర్వాత మన కుర్రాళ్లు అలా దూకారు.

ఒక మాట దాచకూడదు. బాంబు కిందికి పడ్డాక ఎవరి పక్షం వాడు అక్కడున్నాడో దానికి తెలియదు. రంగూన్‌లో మిగిలిపోయిన తెలుగువాళ్ల మీద 1943, 44లలో మిత్రరాజ్యాల బాంబులూ పడ్డాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి మలయాకు వలసపోయి బాగాన్ దాతో కొబ్బరి తోటల్లో స్థిరపడినవాళ్లున్నారు. మలయా తోటల నుంచి జపాన్ సైన్యం తమిళుల్ని, తెలుగువాళ్లను సయాం–బర్మా రైలుమార్గం పనికి తోలుకెళ్లింది. 415 కిలోమీటర్ల ఆ దారిలో దాదాపు 90 వేలమంది ఆసియా కూలీలు చనిపోయారు. ఆ దారిలోని వంతెనల్ని కూల్చడానికి లిబరేటర్లు వచ్చినప్పుడు కింద ఉన్నవాళ్లు ఎవరు? బందీలు, కూలీలు. విమానంలోని కుర్రాడి ధైర్యం నిజం. కింద ఉన్న కూలీ చావూ నిజం. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే అది సగం చరిత్రే. నేను రెండింటికీ తల వంచుతాను.

సముద్రంలో పోయినవాళ్లకు సమాధులు లేవు. సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద, ఆనవాలు దొరకని 24 వేలకు పైగా సైనికులు, వైమానికుల పేర్లు చెక్కి ఉన్నాయి. బంగాళాఖాతంలో కలిసిపోయిన విమానాల వాళ్ల పేర్లు వాటిలోనే వెతుక్కోవాలి. దక్షిణ, తూర్పు భారతంలో అక్కడక్కడా పూడ్చిన సైనికుల అస్థికల్ని తర్వాత చెన్నై నందంబాక్కంలోని యుద్ధ శ్మశానవాటికకు చేర్చారు. 850కి పైగా రాళ్లు అక్కడ వరుసగా ఉన్నాయి. రంగం దారిలో పోయిన మన కూలీలకు అలాంటి గోడ ఎక్కడా లేదు.

ధైర్యాన్ని గుర్తుపెట్టుకోవడం ఉద్దానానికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1940 ఏప్రిల్ 1న, అప్పటికే యుద్ధం నడుస్తుండగా, మందస జమీందారీలో అడవి మీద హక్కు కోసం తిరగబడ్డ రైతుల్ని పోలీసులు పట్టుకుపోతుంటే, గుడారి రాజమణిపురంలో అడ్డంగా నిలబడి తూటాకు ఒరిగింది ససుమాన గున్నమ్మ. నేటికీ ఆమెను వీర గున్నమ్మ అనే పిలుస్తారు. పలాస పక్కన బొడ్డపాడులో శ్రీకాకుళం రైతాంగ పోరాట అమరుల స్తూపం ఉంది. ఏ ఇంటి బిడ్డ పోయాడో ఊరంతా చెప్పగలదు. ఇంటికొక జవాను అన్నట్టుగా సైన్యానికి, నేవీకి పిల్లల్ని పంపే పల్లెలు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. సెలవుకు వచ్చిన కొడుకు తిరిగి వెళ్తున్నప్పుడు పలాస స్టేషన్‌లో నిలబడే తల్లికి, 1944లో సాల్బోని నుంచి ఉత్తరం కోసం ఎదురుచూసిన మెల్‌బోర్న్ తల్లి గురించి వేరే వివరించాల్సిన పని లేదు.

మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఇప్పుడు నడుస్తోంది. జీడి, కొబ్బరి తోటలు పోతాయని రైతులు వద్దంటున్నారు. అది వాళ్ల బతుకు ప్రశ్న. వాళ్ల మాట విన్నాకే ఏదైనా జరగాలి. నేను అడిగేది అంతకంటే చాలా చిన్నది, ఒక్క సెంటు నేల కూడా అక్కర్లేనిది. బారువ లైట్‌హౌస్ దగ్గరో, భావనపాడు ఒడ్డునో ఒక రాయి నిలపండి. దాని మీద 1942 ఏప్రిల్ 6 తేదీ వేయండి. ఈ కడలి మీద ఎగిరి తిరిగిరాని వైమానికుల్ని, మునిగిన నౌకల్లో పోయిన నావికుల్ని, రంగం నుంచి నడిచి ఇల్లు చేరని మన కూలీల్ని ఒకే చోట తలుచుకునేలా తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి. పంచాయతీ తలుచుకుంటే ఈ ఏడాదే అయ్యే పని ఇది. ఈలోగా మీ ఇంట్లో రంగం నడిచొచ్చినవాళ్ల కథ తెలిసిన పెద్దలెవరైనా ఉంటే, దయచేసి కూర్చోబెట్టి అడిగి రాసిపెట్టండి. ఆ తరంవాళ్లు ఇంక ఎంతోమంది లేరు.