సంఘపు బంకులో మీటరు లెక్క

గోదాములోని ధాన్యపు బస్తాలను ఎవరైనను లెక్కించవచ్చును. భూమిలో పాతిన ట్యాంకులోని డీజిలును అట్లు లెక్కించుటకు వీలులేదు. తెలుగునాట పలు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు నేడు పెట్రోలు బంకులు నడుపుచున్నవి. ఆ సరుకు సభ్యులైన రైతులందరిదీ. ట్యాంకు మూతకు తాళము వేసినంత మాత్రమున చాలదు. ప్రతిదినము మీటరు అంకెను వ్రాసియుంచవలెను.

ఏ అంకె వ్రాయవలెను?

పంపులో రెండు విధములైన అంకెలుండును. ప్రతి అమ్మకమునకు సున్నతో మొదలగునది కొనువారి కొరకు. పోసిన లీటర్లన్నిటిని కూడుచు పోవునది మరియొకటి. రిజిష్టరులో వ్రాయవలసినది ఈ మొత్తపు అంకెయే. ప్రతి నాజిలు అంకెను దినమునకొకసారి, ఒకే వేళకు, అమ్మకము ఆపి వ్రాయవలెను. నేటి అంకెలో నిన్నటి అంకెను తీసివేసినచో పోసిన లీటర్లు తెలియును.

పరీక్ష లీటర్లు మరువరాదు

ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో నాజిలును పరీక్షింతురు. 25 మిల్లీలీటర్లకు మించి తేడా వచ్చినచో ఆ నాజిలుతో అమ్మరాదు. పరీక్షించిన డీజిలును తిరిగి ట్యాంకులో పోయుదురు. కాని మీటరు మాత్రము ముందుకు జరిగియే యుండును. నాలుగు నాజిళ్లను రోజూ పరీక్షించినచో నెలకు ఇది 600 లీటర్లగును. దీనిని వ్రాయనియెడల అంత సొమ్ము లోటుగా కనబడి, ఏ తప్పు ఎరుగని గుమాస్తాపై నింద పడును.

ఒక దినపు లెక్క

నిన్నటి శిల్కు 6,200 లీటర్లు, లారీలో వచ్చినది 4,000 లీటర్లు అనుకొందము. రెండు నాజిళ్ల మీటర్లు 815, 590, వెరసి 1,405 లీటర్లు చూపినవి. పరీక్షకు తీసినది 10 లీటర్లు. కావున అమ్మకము 1,395. ఉండవలసిన శిల్కు 8,805 లీటర్లు.

ఇక డిప్ రాడ్డు దించి, తడిసిన మేర చూచి, ట్యాంకుకు ఇచ్చిన పట్టికలో లీటర్లు తెలిసికొనవలెను. అడ్డముగా పరుండిన ట్యాంకు గనుక సెంటీమీటరుకు పట్టు లీటర్లు నడుమ ఎక్కువ, పైన క్రింద తక్కువ. అందుచే పట్టిక చూడక అంచనా వేయరాదు. పట్టిక 8,790 చూపినచో తేడా 15 లీటర్లు.

తేడాకు అర్థమేమి?

ఒకనాటి 15 లీటర్లకు కంగారు వలదు. రాడ్డును రెండు మూడు మిల్లీమీటర్లు తప్పుగా చూచినను అంత తేడా రావచ్చును. వేయి లీటర్ల డీజిలు పది డిగ్రీలు చల్లబడినచో సుమారు 8 లీటర్లు తగ్గును. కాని ప్రతిదినము తగ్గుచునే యున్నచో కారుటయో, దొంగతనమో, కొలతలో దోషమో చూడవలెను. అమ్మకము మీద శిల్కు పెరుగుచున్నచో నీరు చేరినదేమో రాడ్డు కొనకు లేపనము పూసి పరీక్షింపవలెను.

తప్పు వ్రాసిన అంకెను చెరిపి దిద్దరాదు. గీత కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము చేయవలెను. పాలకవర్గ సభ్యులు నెలకొకసారి ఈ రిజిష్టరును తెప్పించి, నగదు పుస్తకముతో సరిచూడవలెను. ఇందుకు పట్టునది ఒక గంట. దీనివలన సంఘపు సొత్తు నిలుచును, నిజాయితీగల ఉద్యోగి పేరును నిలుచును.