చరిత్రోపన్యాసములు - మన స్త్రీలు

మా యశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల గలదు. విశ్వవిద్యాలయపు చరిత్రోపన్యాసము వినవలెనన్న మాత్రము ఓరుగల్లునకు బోవలయును. 1976లో నెలకొన్న కాకతీయ విశ్వవిద్యాలయ మచట నున్నది. "ఇల్లు విడిచి యంత దూరమా?" యని సోదరీమణు లడుగుదురు. రుద్రమదేవి సంగతి వినుడు. ఆమె 1295 వఱకు జీవించెనని చిరకాలము తలచిరి. నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము బయల్పడగా, 1289 నాటికే యామె గతించెనని తేలినది. పువ్వుల ముమ్మడి యను బంటు, ఆమెకును సేనాని మల్లికార్జున నాయకునకును పుణ్యముగా దానము చేసి యా రాతిని నిలిపెను. రాణి మరణకాలమును మనకు జెప్పినవాడు కవియు గాడు, మంత్రియు గాడు!

ఇట్టివి యింటికడ నెవరు చెప్పుదురు? "అబలా సచ్చరిత్ర రత్నమాల" వ్రాసిన భండారు అచ్చమాంబగారు (1874-1905) కళాశాల కేగకయే చరిత్రకారిణి యైరి. అందఱ కట్టి తమ్ముడు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి వంటివాడు, దొరకునా? విశ్వవిద్యాలయమువారు ఏటి కొక్క యుపన్యాసమైనను మా యూర, వంటపని ముగిసిన మధ్యాహ్నవేళ, ఏర్పఱుప గోరుచున్నాము.