దేవుడు ఒక్కడే, ముగ్గురి పేర్లెందుకు?

1947లో పుట్టిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ), 1976లో ఏర్పడిన ఏలూరు కతోలిక మేత్రాసనం రెండూ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒకే దేవుడని ఒప్పుకుంటాయి. కాబట్టి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఊళ్లలో త్రిత్వమే పరిచితమైన విశ్వాసం. యెహోవాసాక్షులు దీన్ని ఒప్పుకోరు. తండ్రి తనకన్నా గొప్పవాడని యేసే చెప్పాడు కదా అంటారు (యోహాను 14:28). త్రిత్వం 325లో నైసియా, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలు కట్టిన సిద్ధాంతమన్నది దేవుడు ఒక్క వ్యక్తే అనే ఏకత్వవాదుల వాదన. యేసు బోధలను 1820లో పుస్తకంగా తెచ్చిన రామ్మోహన్ రాయ్ కూడా త్రిత్వాన్ని కాదని శ్రీరాంపురం మిషనరీ మార్ష్‌మన్‌తో వాదించాడు.

సభల తేదీలు నిజమే. అయితే సూత్రం ఆలస్యంగా కుదిరినంత మాత్రాన నమ్మకమూ ఆలస్యంగా పుట్టిందనలేం. సుమారు 112లో రోమన్ అధికారి ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే చేరి క్రీస్తును దేవుడిలా కీర్తిస్తున్నారని చక్రవర్తికి రాశాడు. నైసియాకు రెండు వందల ఏళ్ల ముందటి సాక్ష్యమిది. పైగా ఆయన వారి పక్షం మనిషి కాదు. కీర్తించడం వేరు, తండ్రితో సమానమనడం వేరు అనవచ్చు. ఆ అభ్యంతరానికి బలముంది. కానీ ఒక్క దేవుణ్నే కొలవాలన్న యూదు నియమాన్ని విడవనివారు, సృష్టి అయిన ఒకరిని ఎలా కొలవగలిగారు? త్రిత్వం ఈ చిక్కుకే జవాబు. త్రిత్వవాదులు మాత్రం 1 యోహాను 5:7ను సాక్ష్యంగా చూపడం మానాలి. పరలోకంలో ముగ్గురు సాక్షులన్న ఆ మాట ప్రాచీన గ్రీకు ప్రతుల్లో లేదు.