పట్టూ విడుపూ తెలిసిన బ్రేకు

మోటారు కార్లు పుట్టిన తొలి రోజుల్లో బ్రేకంటే ఇనుప కడ్డీలు, తీగలు, కీళ్లు. పెడల్ తొక్కితే కడ్డీ లాగేది, చక్రం దగ్గర పట్టీ బిగిసేది. నాలుగు చక్రాలకూ ఒకే పట్టు అందించడం ఎంత చేయి తిరిగిన మెకానిక్కుకైనా కష్టమే. ఒక తీగ కాస్త సాగినా, ఒక కీలు తుప్పు పట్టినా బండి పక్కకు లాగేసేది. అందుకే చాలా కార్లకు వెనక చక్రాలకే బ్రేకులుండేవి.

ఈ చిక్కు విప్పే సూత్రాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా చేరుతుంది. దీన్ని కారు చక్రాల దాకా తెచ్చినవాడు అమెరికాకు చెందిన మాల్కం లాకీడ్. సోదరుడు ఆలన్‌తో కలిసి విమానాలు కట్టిన ఈయన 1917లో ద్రవ పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెం గెలిచిన డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులే. పిస్టన్ పక్కల నుంచి ద్రవం కారకుండా లాకీడ్ వాడిన తోలు కప్పులు కారుతుండటంతో క్రైస్లర్ ఇంజనీర్లు వాటి స్థానంలో రబ్బరు కప్పులు పెట్టారు. 1924లో క్రైస్లర్ కారుతో హైడ్రాలిక్ బ్రేకు మధ్యతరగతి ఇళ్లకూ చేరింది. కడ్డీలనే నమ్ముకున్న ఫోర్డ్ కార్లు కూడా 1939 మోడల్‌తో ఇటు మళ్లాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు ఈ బ్రేకులతోనే బురదలో, ఇసుకలో తిరిగింది. తర్వాత మహీంద్రా సంస్థ బొంబాయిలో ఆ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. వాటి వారసులు ఇప్పటికీ పాడేరు, అరకు ఘాట్‌లలో జనాన్ని మోస్తున్నాయి. బ్రేకుకు అసలైన పరీక్ష అలాంటి దిగుడు దారిలోనే.

బ్రేకు చేసే పని చలనాన్ని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి 1,500 కిలోల జీపు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తూ ఆగితే సుమారు 2 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అర లీటరుకు పైగా నీళ్లను మరిగే దాకా తేగల వేడి అది. ఆరోగ్యంగా ఉన్న బ్రేకు దాన్ని గాలికి వదిలేస్తుంది. పెడల్ వదిలాక కూడా బ్రేకు షూలు చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును వదలకపోతే వేడి చల్లారే వీలుండదు. బండి బరువుగా లాగుతుంది, షూ మీది లైనింగ్ మాడిన వాసన వస్తుంది, చక్రం చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది.

పట్టు గురించి అందరూ మాట్లాడతారు. కానీ ఈ యంత్రంలో అసలు నేర్పంతా విడుపులో ఉంది. పెడల్ తొక్కుడును బ్రేక్ ఆయిల్ పీడనంగా మార్చే మాస్టర్ సిలిండర్‌లో, ఆయిల్ డబ్బాకు దారి తీసే సూది మొనంత రంధ్రం ఒకటుంటుంది. పెడల్ వదిలినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆ రంధ్రాన్ని తెరవాలి. వేడికి వ్యాకోచించిన ఆయిల్ అందులోంచి డబ్బాలోకి వెళ్లిపోతుంది. పెడల్‌ను పిస్టన్‌కు కలిపే పుష్ రాడ్‌ను పొడవుగా సర్దినా, రబ్బరు కప్పు ఉబ్బినా, లోపల మురికి చేరినా ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు వేడెక్కిన ఆయిల్ తానే షూలను తోస్తుంది. రాపిడితో ఇంకా వేడి, ఆ వేడితో ఇంకా పీడనం. కాలు పెట్టకుండానే బ్రేకు తనంతట తాను బిగుసుకుపోతుంది.

కారణాన్ని ఊహతో కాదు, వరసగా వెతకాలి. బండిని చదును నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో లేపి స్టాండ్ల మీద ఉంచి, ఒక్కో చక్రాన్నీ తిప్పి చూడాలి. నాలుగూ పట్టేస్తే అనుమానం మాస్టర్ సిలిండర్ మీదికి పోతుంది. పాత జీపుల్లో వెనక రెండు చక్రాలకూ ఒకే హోస్ పైపు ఉంటుంది కాబట్టి ఆ రెండే పట్టేస్తే ముందు దాన్ని చూడాలి. ఒక్కటే పట్టేస్తే ఆ చక్రం దగ్గర షూలను తోసే వీల్ సిలిండర్, వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు, షూ సర్దుబాటు చూడాలి.

తర్వాతి పరీక్ష, చక్రం దగ్గర ఆయిల్‌ను బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ దగ్గర. దాన్ని కాస్త వదులు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే లోపల పీడనం చిక్కుకుందని అర్థం. తిరగకపోతే లోపం షూలో, స్ప్రింగులో, తుప్పు పట్టిన పిస్టన్‌లో ఉంది. పీడనం చిక్కుకున్నదైతే నిపుల్ బిగించి, పెడల్ తొక్కి వదిలి, చక్రం మళ్లీ పట్టేశాక ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేయాలి. చక్రం వదిలిందా, దోషం మాస్టర్ సిలిండర్‌దో పుష్ రాడ్‌దో. వదల్లేదా, మధ్యలోని హోస్ పైపుది. పాతబడిన హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది. లోపలి పొర ఊడి తలుపులా మూసుకుంటే, కాలి బలానికి ఆయిల్ ముందుకు పోతుంది కానీ స్ప్రింగు బలానికి వెనక్కి రాలేదు.

ఆయిల్‌ను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. పట్టేసిన బ్రేకు వేడికి అది ఆవిరైతే, ఆవిరి నొక్కుడుకు అణిగిపోతుంది కాబట్టి పెడల్ నేలకంటుతుంది. బిగుసుకున్న బ్రేకే ఘాట్ దిగేటప్పుడు బ్రేకు లేకుండా చేయగలదన్నమాట. పొరపాటున ఇంజన్ ఆయిల్ పోసినా, పెట్రోలుతో కడిగినా రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. అప్పుడు రబ్బరు భాగాలన్నీ మార్చక తప్పదు.

రిపేరు చేశాక బండి ఎంత దూరంలో ఆగుతోందో అందరూ చూస్తారు. పెడల్ పదిసార్లు తొక్కి వదిలి, నాలుగు చక్రాలూ చేతికి తేలిగ్గా తిరుగుతున్నాయో లేదో కూడా చూడాలి. ఆ పరీక్షలో నెగ్గిన బండినే ఘాట్ ఎక్కించాలి.