పాము కుబుసము విడుచునప్పుడు



నాగావళీతీరమున నివసించు మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల స్త్రీలకు పాము క్రొత్త ప్రాణి కాదు. నాగమ్మయో, నాగభూషణమో, నాగరాజో లేని కుటుంబము మనలో అరుదు. కార్తిక శుద్ధ చవితినాడు పుట్టకడకు పోవని యిల్లాలును అరుదే. అయినను పాము దేహధర్మములను గూర్చి మనకు తెలిసినది స్వల్పము. వానిలో ముఖ్యమైనది కుబుసము విడుచుట. కుబుసమను మాటకు ఱవిక యను అర్థముకూడ కలదు. సంస్కృతమున కంచుకమను పదమునకును ఈ రెండర్థములున్నవి. పోలిక చక్కనిదే కాని, ఒక్క భేదము మఱువరాదు. ఱవికను చేతితో తీయవచ్చును; కుబుసమును లాగి తీయరాదు.

మన చర్మము సైతము నిత్యము రాలుచునే యుండును. పొడిపొడిగా రాలుటచే మనకు కానరాదు. పాము పైపొర మన గోళ్లవలె కెరాటిన్ అను గట్టి పదార్థముతో నేర్పడినది. అది దేహముతోపాటు పెరుగదు. కావున పాము అడుగున క్రొత్తపొరను సిద్ధము చేసికొని, పాతదానిని ఒక్కసారిగా విడుచును. పిల్లపాములు వేగముగా పెరుగును గనుక తఱచుగాను, పెద్దవి ఏటికి కొన్ని మార్లును విడుచుచుండును.

ఆ సమయమున రెండు పొరల నడుమ ద్రవము చేరును, వంటిరంగు మాసిపోవును. పామునకు ఱెప్పలు లేవు. కంటిపై అద్దమువంటి పొలుసు కలదు. అదియు కుబుసముతోనే ఊడవలయును. కావున కన్నులు పాలలో నీలిమందు కలిపినట్లు మసకబాఱును. ఆ కొన్ని దినములు దానికి చూపు చాలదు, తఱచుగా ఆహారము ముట్టదు, సాధువైన పాముకూడ బెదరి కాటువేయవచ్చును. పిమ్మట కన్నులు తేటపడును. మఱికొన్ని దినములకు పాము మూతిని రాతికో కొమ్మకో రాచి, పెదవులకడ పొరను వదలించుకొని, మేజోడును తిరుగదీసినట్లు తలనుండి తోకవఱకు విడిచి జాఱిపోవును.

మన దేశపు త్రాచును, జెఱ్ఱిపోతును, కొండచిలువను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. కాని నగరములలో కొందఱు బాల్ పైథాన్ అను ఆఫ్రికాఖండపు చిన్న కొండచిలువను పెంచుచున్నారు. అట్టివారు 2024 నాటి నియమముల ననుసరించి ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలయును. వారు చేయదగిన ఉపచారమును తెలిసికొన్నచో పాముయొక్క అవసరము మనకు బోధపడును.

ముఖ్యముగా కావలసినది తేమ. గాలి పొడిగా నున్నను, త్రాగునీరు చాలకున్నను, ఒంటికి పురుగు పట్టినను, గాయములున్నను కుబుసము తునుకలై అంటుకొనిపోవును. కావున పెట్టెలో నొక మూల చిన్న గూడుంచి, అందు తడిపి పిండిన నాచును గాని కొబ్బరిపీచును గాని పఱతురు. పాము చుట్టచుట్టుకొని కూర్చుండునంత వెడల్పుగల నీటిపాత్రను, రాచుకొనుటకు గరుకు రాతిని, కొయ్యను ఉంతురు. కన్నులు మసకబాఱిన నాటినుండి దానిని చేతబట్టరు.

కుబుసము విడిచిన పిదప దానిని పఱచి రెండు సంగతులు చూడవలయును: కంటిపొలుసులు రెండును వచ్చినవా? తోకకొన వచ్చినదా? తోకకొనయందు మిగిలిన పొర ఎండి, దారము బిగించినట్లు రక్తప్రసారము నాపును, కొన చచ్చిపోవును. అట్లు మిగిలినయెడల లోతులేని గోరువెచ్చని నీటిలో అరగంటసేపు, ప్రక్కనుండి కనిపెట్టుచు, ఉంచవలయును. పిదప తడిగుడ్డలగుండ దానిని తనంతట ప్రాకనిచ్చిన, పొర గుడ్డకంటి వచ్చును. కంటిపొలుసును గోటితో తీయబూనినచో కన్నే చెడవచ్చును. అది పశువైద్యుని పని.

ఇక మన వీధులలోని బుట్టలను తలచుకొనుడు. నీరును చెమ్మయు లేని వెదురుబుట్టలో, కోఱలు పీకబడిన నోటితో నున్న త్రాచునకు కుబుసము సాఫీగా వచ్చుట యెట్లు? ఒక నాగులచవితినాడు మా వీధికి వచ్చిన పాము మెడపై ఎండిన పొరలు వ్రేలాడుచుండెను. కన్నులు తెల్లగా నుండెను. "సామి కళ్లు మూసుకొని దేనంలో ఉన్నాడమ్మా" యని యొక ముసలమ్మ చేతులు జోడించెను. ఆమె భక్తి నిజమైనది. కాని ఱెప్పలే లేని ప్రాణి కన్నులు మూయుట యెట్లు? అది ధ్యానము కాదు, చూపులేని అవస్థ. అట్టిదాని పడగపై పసుపు కుంకుమలు చల్లుట, నోట పాలు పోయుట పూజ యగునా? పాలు పాముల ఆహారము కాదు. దప్పిచే ఎండిపోయిన పాము ఏ ద్రవమైనను మ్రింగును.

పెరటిలో మసకకన్నుల పాము కనబడినయెడల కఱ్ఱ నెత్తవలదు, నీళ్లు చల్లవలదు. బిడ్డలను దూరముగా నుంచి, అటవీశాఖవారికి గాని, శిక్షణపొందిన పాములరక్షకులకు గాని తెలుపుడు. అది కఱచినచో మంత్రములకై కాలము పుచ్చక వెంటనే ఆసుపత్రికి చేరవలయును. పడియున్న కుబుసమునకు మాత్రము భయపడ నక్కఱలేదు. విషము తలలోని గ్రంథులయందుండును గాని చర్మమున నుండదు. ముట్టినవారు సబ్బుతో చేతులు కడుగుకొనిన చాలును. కుబుసము సాగి పాముకంటె పొడవుగా నుండును గనుక దానిని కొలిచి బెదరవలదు. అయినను పాము అచ్చట తిరుగుచున్నదనుటకు అది సాక్ష్యము. ఎలుకకన్నములు పూడ్చి, పిడకలను, తాటాకులను ఇంటిగోడకు దూరముగా పేర్చుకొనుడు.

రాబోవు చవితికి రావిచెట్టు క్రింది నాగశిలకడ చలిమిడి, చిమ్మిలి నివేదించి, పాలు పిల్లలకు పోయుడు. పాములవాని పేదఱికము మనమెఱుగనిది కాదు. అతనికి బియ్యమో బట్టయో ఇయ్యుడు. బుట్టమూత తెఱువుమని మాత్రము అడుగవలదు.