వరదొస్తే విత్తనం ఎవరింట్లో ఉంటుంది?

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు యానాంలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు బియ్యం, బట్టలు అటకెక్కిస్తాం. డబ్బాలో దాచిన ఆనప గింజలు ఎవరికి గుర్తుంటాయి? అవి తడిస్తే ఆ రకం ఆ ఇంటితో పోయినట్టే. కొట్లో ప్యాకెట్ దొరుకుతుంది కదా అంటారు. అది హైబ్రిడ్ అయితే, దాని కాయల్లోంచి తీసిన గింజ వేస్తే మళ్లీ అలాంటి కాయలే రావు. ఏటా కొనాల్సిందే.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, వాళ్లలో ఎక్కువమంది దళితులు, ఊరూరా విత్తన బ్యాంకులు నడుపుతున్నారు. గింజలు అప్పుగా తీసుకుంటారు, పంటొచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ కొలిచి ఇస్తారు. డబ్బుతో పనిలేదు. 2019లో వీళ్లకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్లది జొన్న, కొర్ర పండే మెట్ట, మనది పెరటి మడి. అయినా నాలుగిళ్లు కలిస్తే ఇక్కడా ఇదే పద్ధతి నడుస్తుంది.

మొదట చిక్కుడు, టమాటా పట్టుకోండి. వీటిలో రకాలు అంత తేలిగ్గా కలవవు. ఆనప అలా కాదు. పొడుగుదీ గుండ్రందీ పక్కపక్కన పాకిస్తే తేనెటీగలు, పురుగులు పుప్పొడి కలిపేస్తాయి, ఆ గింజల్లోంచి ఏ కాయ వస్తుందో చెప్పలేం. విత్తనానికి వదిలిన ఆనపకాయ తీగ మీదే ఎండి డొప్ప గట్టిపడాలి. గింజల్ని నీడలో బాగా ఆరబెట్టి, బూడిద కలిపి, మూత బిగుతుగా ఉండే గాజు సీసాలో పోసి, పేరూ నెలా రాసి పెట్టండి. డెల్టా గాలిలో చెమ్మే అసలు శత్రువు.

ఒక్కో రకాన్ని కనీసం మూడిళ్లలో దాచండి. అందులో ఒకటి మేడ మీద ఉండాలి.