చెక్కభజనకు సర్కారు గ్రాంటు

మా డోన్ పల్లెల్లో చెక్కభజన నేర్పే గురువులు ముసలివారైపోతున్నారు. కళ నశిస్తోందని వాపోయేవారేగాని, డబ్బెక్కడుందో వెతికేవారు తక్కువ.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ ఉత్సవాలకు, శిక్షణ శిబిరాలకు, ప్రదర్శనలకు మామూలుగా 5 లక్షల దాకా ఇస్తుంది. ఖర్చులో నాలుగోవంతు మనమే భరించాలి. సరే, చందాలు వేసుకుందాం. అసలు చిక్కల్లా సంఘం రిజిస్టరై మూడేండ్లు నిండాలన్న నిబంధన. అదును దాటినాక విత్తితే మొలుస్తుందా?

2001 నాటి రాష్ట్ర సంఘాల చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు. ఊరి భజన బృందాన్ని ఈ ఏడే జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించండి. కరపత్రాలు, ఫోటోలు, రసీదులు పారేయకండి. మూడేండ్ల ఆడిటు లెక్కలు అడుగుతారు. గ్రాంటొచ్చాక వినియోగ ధ్రువపత్రమూ ఇవ్వాలి. గురువులకు పద్దులు రాయడం రాదంటారా? మన కామర్సు మిత్రులున్నారు గదా!